మూతమీది సుద్దగీత

మా వదిన ఇంటికి నేను ఉత్త చేతులతోనే వెళ్తాను. ఉత్త చేతులతో వెళ్తే చుట్టాలు ముఖం మాడ్చుకుంటారని లోకమంతా అంటుంది గానీ, మా వదిన ముఖం వెలిగేది అప్పుడే. ఏదైనా పట్టుకెళ్తే ఆమె చూపు ముందు సంచి మీద పడుతుంది, తర్వాతే మనిషి మీద. ఆ ఇంట్లో చట్టం ఒక్కటే. ఒక వస్తువు గడప దాటి లోపలికి వస్తే, ఇంకో వస్తువు గడప దాటి బయటికి పోవాలి. కొత్త గిన్నె వస్తే పాత గిన్నె, కొత్త చొక్కా వస్తే పాత చొక్కా. ఒకసారి ఉండబట్టలేక, నేనొచ్చాను కదా, నా బదులు ఎవర్ని బయటికి పంపుతావని అడిగాను. మీ అన్నయ్య ఇందాకే పనికి వెళ్ళారుగా, అంది. నవ్వుతూ కూడా కాదు.

ఆడపడుచు అర్ధమొగుడు అంటారు. అసలు మొగుడికే దిక్కులేని ఇంట్లో అర్ధమొగుడి మాట ఎవరు వింటారు? అయినా ఈ కథ చెబుతున్నది ఆడపడుచేనని, ఆడపడుచు నోరు ఎలా ఉంటుందో మీకు తెలియంది కాదని ముందే చెప్పేస్తున్నాను. ఎంత తగ్గించుకోవాలో మీరే తగ్గించుకుని వినండి.

వదిన ఆసుపత్రిలో బట్టల గది చూసేది. దుప్పట్లు, దిండు గలీబులు, ఆపరేషన్ గౌన్లు అన్నీ ఆమె చేతి మీదుగానే వార్డులకు పోయేవి. ఆ గదిలో ఏ కట్ట వాడకంలో ఉందో, ఏది ఊరికే చోటు తింటోందో తెలుసుకోవడానికి ఆమె సొంతంగా ఒక పద్ధతి కనిపెట్టింది. కట్టకీ అది కూర్చున్న చెక్కకీ కలిపి సుద్దముక్కతో ఒక్క గీత గీసేది. కొన్నాళ్ళయ్యాక వచ్చి చూసేది. గీత చెదిరితే ఎవరో ముట్టుకున్నట్టు. గీత కలిసే ఉంటే ఆ కట్టతో ఎవరికీ పని లేనట్టు. ఆ సాయంత్రమే అది బయటికి పోయేది. పెద్ద డాక్టరుగారు గది చూసి, ఇంత ఖాళీగా ఉన్న గది నా సర్వీసులో చూడలేదమ్మా అన్నాడట. ఆ మెచ్చుకోలు తలకెక్కి, సుద్దముక్కని కొంగున కట్టుకుని ఇంటికి తెచ్చింది. వీధిలో ఆడవాళ్ళు ఆమెకు సుద్దముక్క అని పేరు పెట్టారు. ఆమెకు తెలుసు. కోపం రాలేదు సరికదా, కొంచెం గర్వపడింది కూడా.

ఇంట్లో డబ్బాల మూతల మీద, బీరువా తలుపుల సందున, మంచం కింద పెట్టెల మీద అన్నిచోట్లా తెల్లటి గీతలే. ఋతువు మారినప్పుడల్లా ఒక ఆదివారం తనిఖీ. ఆ రోజు మా అన్నయ్యా, కూతురూ కుక్కిన పేనుల్లా ఓ మూల కూర్చునేవాళ్ళు. మా మేనకోడలు చిన్నప్పుడు ఊడిన పాలపళ్ళన్నీ అగ్గిపెట్టెలో దాచుకుంది. అగ్గిపెట్టె మీద గీత చెదరలేదు. పెట్టె పోయింది. పిల్ల ఏడ్చి ఏడ్చి వెక్కిళ్ళు పెడుతుంటే వదిన దాన్ని అద్దం ముందు నిలబెట్టి నోరు తెరిపించి, కొత్తవి వచ్చాయిగా, ఇంక పాతవెందుకు అంది. మా అమ్మ పోయినప్పుడు మా ఏడుపులు ఆరకముందే అమ్మ గది కడిగేసింది. అమ్మ శాలువా ఒక్కటి నాకివ్వమని అడగడానికి వెళ్ళేసరికి అది ఎవరి భుజాల మీదో ఉంది. ఆ కోపం నాకు ఇప్పటికీ ఉంది, దాచుకోను. మేనకోడలు పెద్దదై ఉద్యోగానికి వేరే ఊరు వెళ్ళేటప్పుడు దాని సామానంతా ఒక్క భుజం సంచిలో పట్టింది. వదిన అది చూసి మురిసిపోయింది. నేను మాత్రం ఆ సంచి వైపు చూడలేక ముఖం తిప్పుకున్నాను.

అలాగని ఆమెకు మనసు లేదనుకుంటే పొరపాటు. ఎందుకిలా తయారైందో ఒకే ఒకసారి నాకు చెప్పింది, బట్టలు మడతపెడుతూ, బజారు ధరలు చెప్పినంత మామూలుగా. వాళ్ళ నాన్న ఏదీ పారేసేవాడు కాదట. విరిగిన కుర్చీలు, ఖాళీ సీసాలు, కాగితాల కట్టలు, ఎప్పటికైనా పనికొస్తుందని ఇంటినిండా పేర్చేవాడు. వీధి తలుపు సగమే తెరుచుకునేది. వాళ్ళమ్మ జబ్బుపడి వెనక గదిలో పడుకుంది. ఆ గదికి వెళ్ళాలంటే కట్టల మధ్య పక్కకి తిరిగి నడవాలి. ఒకనాడు ఆమె పోయింది. మోసేవాళ్ళు వచ్చారు గానీ శవాన్ని తేవడానికి దారి లేదు. సామానంతా ఒక్కొక్కటీ వీధిలో పెట్టి దారి చేసేసరికి పొద్దు నెత్తికెక్కింది. వీధి వీధంతా నిలబడి చూసింది. వాళ్ళ నాన్న గుమ్మంలో నిలబడి, జాగ్రత్త, అది పగిలిపోతుంది, అది పనికొస్తుంది అని అరుస్తూనే ఉన్నాడట. అప్పుడు వదిన పావడాలు కట్టే పిల్ల. ఇదంతా చెప్పి, మడతపెట్టిన దుప్పటి అంచు చేత్తో సరిచేసి, లేచి వెళ్ళిపోయింది.

నిజం చెప్పొద్దూ, ఆ ఇంట్లో కూర్చుంటే ప్రాణం హాయిగా ఉండేది. గాలి ఒక కిటికీలోంచి వచ్చి ఇంకో కిటికీలోంచి పోయేది. మా ఇంట్లో విరిగిన గొడుగులకే ఒక మూల కేటాయించాం. వీధిలో వాళ్ళు ఎదురుగా సుద్దముక్క అని నవ్వుకుని, చాటుగా వచ్చి మా అటక కూడా కాస్త చూసిపెట్టమని బతిమాలేవాళ్ళు. ఆమె వెళ్ళేది. ఒక్క పూటలో వాళ్ళ అటక ఖాళీ, వాళ్ళ కళ్ళనిండా నీళ్ళు. వారం తిరక్కుండా మళ్ళీ వచ్చి, ప్రాణం తెరిపిన పడిందమ్మా అని దండం పెట్టేవాళ్ళు.

మా అన్నయ్య పుస్తకాలు బైండింగు చేసేవాడు. ఒక ప్రెస్సులో కిటికీ పక్కన బల్ల ఆయనది. విడి కాగితాలు తెచ్చి ముందు పడేస్తే, మడిచి, కుట్టి, జిగురు రాసి, అట్ట వేసి, అంచు కోసి ఇచ్చేవాడు. కోసిన అంచు మీద వేలు పెట్టి రాస్తే ఎక్కడా తగిలేది కాదు. మాటల్లో నెమ్మది, నడకలో నెమ్మది, చేతిలో మాత్రం మెరుపు. ఒక పొద్దున బల్ల ముందే పక్షవాతం వచ్చింది. నోరు కొద్దిరోజుల్లో సర్దుకుంది. కాలు కొంచెం ఈడుస్తూ నడవగలిగాడు. కుడి చెయ్యి మాత్రం ఎండిన కొమ్మలా ముడుచుకుపోయింది.

వదిన సేవ చేసిందా అంటే చేసింది, అందులో వంక పెట్టలేను. స్నానం, మందులు, చొక్కా గుండీలు అన్నీ తనే. కానీ ఆశ కూడా ఆమె దృష్టిలో చోటు తినే సామానే. చెయ్యి రావచ్చు, రాకపోవచ్చు అని డాక్టరు చెప్పిన మాటలో ఆమె రెండో సగమే ఇంటికి తెచ్చింది. ఆ పని ఇక మర్చిపోండి, మనసులోంచి తీసేస్తే తేలికవుతుంది అని ఆయనకు చిలక్కి చెప్పినట్టు చెప్పింది. తర్వాతి తనిఖీ రోజున, ఇన్నేళ్ళలో ఎన్నడూ ముట్టుకోని ఆయన పనిముట్ల పెట్టె ముందు కూర్చుని, మూత మీదనుంచి పెట్టె మీదకి ఒక గీత గీసింది.

అది ఆయన స్వయంగా చేసుకుని, రోజూ ప్రెస్సుకి పట్టుకెళ్ళి సాయంత్రం ఇంటికి తెచ్చుకున్న చెక్కపెట్టె. దానికి బందులు లేవు, మూత పైకి ఎత్తితే ఊడి వచ్చేది. ఏళ్ళు గడిచి బిగువు తగ్గి, మళ్ళీ పెట్టేటప్పుడు మూత ఓ వేలెడు అటో ఇటో జరిగేది. లోపల సూదులు, దారపు కండెలు, కాగితాలకు కన్నాలు పొడిచే ఆరె, అంచుకోత కత్తి, కాగితం మడత నొక్కే ఎముక బద్ద. ఆ గీత చూసిన రోజున అన్నయ్య అన్నం సరిగ్గా తినలేదు. నేను అక్కడే ఉన్నాను. ఆయనకు కావలసింది లోకంలో ఒక్కటే, ఆ కిటికీ పక్క బల్ల. ప్రెస్సు యజమాని కబురు కూడా చేశాడు. బల్ల కొన్నాళ్ళు ఖాళీగానే ఉంచుతాను, నీ చేత్తో ఒక్క పుస్తకం కుట్టి తెచ్చి చూపించు, ఆ రోజే వచ్చి కూర్చో అన్నాడు.

వదిన డ్యూటీకి వెళ్ళాక అన్నయ్య పెట్టె తెరవడం మొదలుపెట్టాడు. కాగితాలు నేను తెచ్చి ఇచ్చేదాన్ని. మొదట్లో సూది పట్టుకోవడమే గగనం. పట్టుకుంటే జారేది, జారితే వెతుక్కోవడం. చెమటలు కక్కుతూ ఒక్క కుట్టు వేసి, అది వంకరగా ఉందని విప్పేసేవాడు. నేను చూడలేక, వదినకు చెప్పు, ఆవిడకీ తెలియనీ అన్నాను. పుస్తకం పూర్తయ్యాక చేతిలో పెడతానన్నాడు. ఇప్పుడే చెప్పి, రేపు చెయ్యి రాకపోతే ఆమె ముందు రెండోసారి ఓడిపోవడం తన వల్ల కాదన్నాడు.

మరి గీత సంగతేమిటి? కనీసం అదైనా తుడిచెయ్యమన్నాను. అక్కడే మా అన్నయ్య బుర్రకి ఒక పిచ్చి పట్టింది. పని అయ్యాక మూత పెట్టేటప్పుడు పై గీతా కింది గీతా సరిగ్గా కలిసేలా పెట్టాలని. మొదటి రోజుల్లో కుడిచేత్తో పెడితే మూత ఎక్కడికో పోయేది, ఎడమచేత్తో సర్దేవాడు. రోజూ అదే పరీక్ష. వేలెడు తేడా అర వేలయింది, అర వేలు గోరంతయింది. సుద్దపొడి నేల మీద రాలితే ఆమె చిరాకుపడుతుందని మూత కింద గుడ్డ కూడా పరిచేవాడు. ఆ ఇంట్లో అన్నేళ్ళు కాపురం చేసిన మనిషికి తప్ప ఇంకెవరికీ అలాంటి ఆలోచన రాదు. ఒకరోజు నన్ను పిలిచి, చూడమన్నాడు. కుడిచేత్తో మూత ఎత్తాడు, కుడిచేత్తోనే పెట్టాడు. గీత ఎక్కడ తెగిందో నా కళ్ళకు కనబడలేదు.

"చెయ్యి వచ్చేసిందే" అన్నాడు. ఆ మాట అనేటప్పుడు ఆయన గొంతు చిన్నపిల్లాడిదిలా ఉంది.

గీత కలిస్తే పెట్టె పోతుందని ఆయనకు తెలియదా? తెలుసు. కానీ తనిఖీకి ఇంకా చాలా రోజులున్నాయి, ఈలోగా పుస్తకం అయిపోతుంది. కుట్టు పని అయిపోయింది కూడా. అట్టలు వేయడమే మిగిలింది. దాన్నీ ఆ పెట్టెలోనే పెట్టాడు, పనిముట్ల పైన, గుడ్డ చుట్టి. పైగా తన పనిముట్లు తనను అడగకుండా తీసేస్తుందని ఆయన కలలో కూడా అనుకోలేదు. కూతురి పాలపళ్ళు చూసిన మనిషి, మా అమ్మ శాలువా చూసిన మనిషి అలా ఎలా అనుకున్నాడో నాకు అర్థం కాదు. మొగుడన్నాక తనకో మినహాయింపు ఉంటుందని ప్రతి మొగుడూ అనుకుంటాడు కాబోలు.

ఆ రోజు నేనే ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళాను. వదిన సెలవు పెట్టి ఇంట్లో ఉంది, ఎందుకో చెప్పలేదు. డాక్టరు కలం ఇచ్చి పట్టుకోమన్నాడు. అన్నయ్య పట్టుకుని తన పేరు రాశాడు. డాక్టరు పక్క గదిలోని వాళ్ళను కూడా పిలిచి చూపించాడు. ఏం వ్యాయామం చేశావని అడిగితే మూత పెట్టడం అన్నాడు అన్నయ్య, అందరూ నవ్వారు. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఆయన ఊరుకోలేదు. ఈ రాత్రికి అట్టలు వేసేస్తాను, ఇవాళే చెప్పేస్తాను, ఆవిడ ముఖం ఎలా పెడుతుందో చూడాలి అని ఒకటే మాట. నేను కూడా ఆ ముఖం చూడాలనే వాళ్ళింటి దాకా దిగబెట్టడానికి వెళ్ళాను.

గదిలో పెట్టె ఉండే చోట ఒక కుర్చీ ఉంది. ఎత్తైన వీపు, మెత్తటి దిండు, చేతులు ఆనించుకోవడానికి వెడల్పాటి చెక్కలు. కొత్త వార్నిషు వాసన. వదిన దాని పక్కన నిలబడి ఉంది. నవ్వుతోంది. ఆమె నవ్వడం అరుదు, అందుకే ఆ నవ్వు నాకు ఇంకా కళ్ళకు కట్టినట్టు ఉంది. మీ అన్నయ్య నడుం నొప్పి చూడలేక తెచ్చానమ్మా, ఆశ్చర్యపరుద్దామని మీరు లేనప్పుడు దింపించాను అంది.

అన్నయ్య కుర్చీ వైపు చూడలేదు. దాని కాళ్ళ మధ్య నేల వైపు చూస్తున్నాడు. "ఇక్కడి పెట్టె?" అన్నాడు.

"దాని బదులే కదండీ కుర్చీ వచ్చింది. పాత సామాన్లవాడు తీసుకెళ్ళాడు" అంది. ఆయన ముఖం చూసి, తను తొందరపడలేదని చెప్పడానికన్నట్టు, "నేను చూసే తీశాను. గీత వెంట్రుకవాసి కూడా జరగలేదు" అంది.

మా అన్నయ్య పనిని ఆయన బతుకులో ఎవరూ అంత బాగా మెచ్చుకోలేదు. నా ఒళ్ళు మండిపోయింది. నోరు తెరవబోతే ఆయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు, ఆ కుడిచేత్తోనే. కూర్చోండి మరి, అంది వదిన. కూర్చున్నాడు. బాగుందా అని అడిగింది. బాగుంది అన్నాడు.

వదినని వంటింట్లోకి లాక్కెళ్ళి అంతా చెప్పేశాను. కుట్లు, కాగితాలు, ప్రెస్సు యజమాని మాట, మూత కింద పరిచిన గుడ్డ, ఏదీ దాచలేదు. చెబుతూ ఉంటే నాకు ఎంత తృప్తిగా ఉందంటే, అమ్మ శాలువా తిరిగి దొరికినంత తృప్తిగా ఉంది. చెప్పులు వేసుకోకుండా వీధిలోకి పరిగెత్తింది. ఆమె పరిగెత్తడం ఆ వీధి ఎన్నడూ చూడలేదు.

పాత సామాన్ల కొట్లో గుట్టలు గుట్టలుగా ఉన్న చెత్తలో ఆమె చేతులు పెట్టి వెతికిందట. వాడు పెట్టెని అప్పటికే పగలగొట్టి పొయ్యిలోకి అమ్మేశాడు. కత్తీ, ఆరె తుప్పు ఇనుములో కలిసిపోయాయి. కుట్టిన కాగితాల్ని వాడు పుస్తకం అనుకోలేదు, అట్ట లేదు కదా. తడి కాగితాల బస్తాలో తొక్కి పంపేశాడు. ఎముక బద్ద సంగతి అడిగితే, అది ఎవరికి పనికొస్తుందమ్మా, బయట పారేస్తే కుక్క ఎత్తుకుపోయింది అన్నాడట. ఆమె తిరిగి వచ్చేసరికి చీర నిండా మసి. కాళ్ళు కడుక్కోకుండా గడప దాటింది.

మర్నాటి నుంచి అన్నయ్య వ్యాయామం మానేశాడు. కోపం లేదు, మాట పట్టింపు లేదు. వేళకు తిన్నాడు, వేళకు పడుకున్నాడు, మిగతా పొద్దంతా ఆ కుర్చీలో కూర్చున్నాడు. నేను కాగితాలు పట్టుకెళ్తే, ఎందుకే, ఇంట్లో అడ్డం అన్నాడు. వేళ్ళు ఒక్కొక్కటే మళ్ళీ లోపలికి ముడుచుకున్నాయి. డాక్టరు కేకలేశాడు, నేను ఏడ్చాను, వదిన నూనె రాసి రుద్దింది. ఎవరు ఏం చేసినా చేయించుకున్నాడు గానీ తను మాత్రం ఏమీ చేయలేదు. కిటికీ పక్క బల్ల ముందు ఇంకెవరో కూర్చున్నారని ప్రెస్సు నుంచి తెలిసింది.

ఆ ఋతువు మారినా తనిఖీ జరగలేదు. వదిన సుద్దముక్క ఎక్కడ పెట్టిందో నాకు తెలియదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఊరంతా తిరిగి, తెలిసినవాళ్ళనీ తెలియనివాళ్ళనీ అడిగి, బైండింగు పనిముట్లన్నీ కొత్తవి కొనుక్కొచ్చింది. సూదులు, కండెలు, కత్తి, ఆరె. ఎముక బద్ద మాత్రం ఎక్కడ దొరికిందో, అది కూడా ఉంది. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. ఆమె కుర్చీ ముందు నేల మీద కూర్చుని పొట్లం విప్పి ఒక్కొక్కటీ ఆయన ఒళ్ళో పెట్టింది. తప్పయిపోయింది, మళ్ళీ మొదలుపెట్టండి, ఇల్లంతా కాగితాలతో నింపినా నేనేమీ అనను అంది. ఆ నిమిషంలో ఆమె మీద నాకు జాలేసింది. శాలువా కూడా గుర్తు రాలేదు.

అన్నయ్య ఆ పనిముట్లను ఒక్కొక్కటే చూశాడు. తర్వాత ఎడమచేత్తో తన కుడిచేతిని పైకెత్తాడు, పక్కన పడి ఉన్న వస్తువుని ఎత్తినట్టు. తెచ్చి వదిన అరచేతిలో పెట్టాడు.

"వీటి బదులు దీన్ని తీసేయ్" అన్నాడు. "చాలా రోజులుగా వాడకంలో లేదు."

మా అన్నయ్య ఒకరి మనసు నొప్పించడం నేను చూసింది అదొక్కసారే. వదిన ఏడవలేదు. ఆ చేతిని పట్టుకుని అలాగే నేల మీద కూర్చుండిపోయింది. ఆ చెయ్యి చాలా చల్లగా ఉందని ఆ తర్వాత ఎప్పుడో నాతో అంది.